ఫ్యాన్ కింద కూర్చునే అమ్మను నేనే లేపాను

వెనకబెంచీ
ఆదివారం, రాత్రి 10:40

మా సంఘం, అంటే మా చర్చి, రామంతపూర్ వైపు. పేరు చెప్పను, అడగకండి. రెండేళ్లుగా అక్కడ వాలంటీరుగా ఉన్నాను. కుర్చీలు వేయడం, తీయడం, కానుక సంచి పట్టడం, వచ్చినవాళ్లకు చోటు చూపించడం నా పని.

మా రెండో ఆరాధనకు ఒక పెద్దావిడ వస్తుంది. అరవై దాటి ఉంటాయి. పొద్దున్నే రెండు మూడు ఇళ్లల్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, ఆ చీరతోనే వచ్చేస్తుంది. మూడో వరసలో గోడవైపు కుర్చీ, సరిగ్గా ఫ్యాన్ కింద. ఆయాసం ఉంది, అందుకే అక్కడ. పసుపు గుడ్డసంచిలో బైబిలు ఉంటుంది. ఆ సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంటుంది.

మూడు వారాల కింద ఒక పెద్ద ఆఫీసరు గారి కుటుంబం వచ్చింది. వాళ్లు నలుగురు, ముందు వరసల్లో ఖాళీలు మూడే. మా పెద్దాయన ఒకరు నాకు కళ్లతో సైగ చేశారు. నేను వెళ్లి "అమ్మా, కొంచెం వెనక కూర్చుంటారా?" అన్నాను. గట్టిగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నాను. ఆమె సంచి తీసుకుని "పర్లేదు బాబూ" అని లేచింది. వెనక ఫ్యాన్ లేదు. ప్రసంగం మధ్యలో తిరిగి చూస్తే చెంగుతో విసురుకుంటోంది.

ఆ తరవాత రెండు ఆదివారాలు రాలేదు. ఈరోజుతో మూడు.

ఇంటికి వెళ్లి కలుద్దామని నలుగురినీ అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఐదేళ్లుగా వస్తోందట, ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఒకరు "ఆయా" అన్నారు. ఒకరు "ఫ్యాన్ కింద కూర్చునే అమ్మేనా?" అన్నారు. ఫోన్ నంబరు లేదు, ఇల్లెక్కడో తెలియదు. ఆ ఆఫీసరు గారి నంబరు మాత్రం ఆ రోజు మధ్యాహ్నానికే మా వాట్సాప్ గ్రూపులో చేరిపోయింది. (ఆయన మళ్లీ రాలేదు. అది వేరే కథ.)

నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

బోలారం అమ్మమ్మ
ఆదివారం, రాత్రి 11:25

బిడ్డా, నిన్ను తిట్టే పని యాకోబు ఎప్పుడో చేసేశాడు. బైబిల్లో ఆయన పత్రిక రెండో అధ్యాయం తీసి చదువుకో. బంగారపు ఉంగరం పెట్టుకుని ఒకడొస్తాడు, మాసిన బట్టలతో ఒక బీదవాడొస్తాడు. వాడికి మంచి చోటు, వీడికి "నువ్వక్కడ నిలబడు". నీ ఆదివారం అక్కడ అచ్చయి ఉంది.

మాది మెదక్ దగ్గర పల్లె. మెదక్ పెద్ద చర్చిని మేం గుడి అనే అంటాం, దాన్ని 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. అంతకుముందు పదేళ్లు కట్టారు. కరువు కాలంలో మిషనరీ పాస్నెట్ దొర జనానికి ఆ గుడి కట్టే పని ఇచ్చి తిండి పెట్టించాడు. మా నాయనమ్మ ఆ తట్టలు మోసిన కథ చెప్పేటప్పుడు ముందు నెత్తి మీద చుట్టకుదురు చూపించేది, తరవాత కథ. 175 అడుగుల గోపురం ముందు మా మనవళ్లు సెల్ఫీలు దిగుతుంటే నాకా చుట్టకుదురే గుర్తొస్తుంది. అలాంటి చేతులు కట్టిన గుళ్లలో మనం కుర్చీలు పంచుతున్నాం.

సరే, ఏడ్చి లాభం లేదు. మీ చర్చి చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాచ్‌మన్లను అడుగు. పనివాళ్లు ఎవరు ఏ ఇంటికి వస్తారో వాళ్లకు తెలిసినంత పాస్టరుకు కూడా తెలియదు.

కీబోర్డు తమ్ముడు
సోమవారం, ఉదయం 7:10

వందనాలు అమ్మమ్మా. వెనకబెంచీ అన్న తరఫున ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేనూ అదే బ్యాడ్జీ వేసుకుంటాను.

మాకు ఆదివారం మూడు ఆరాధనలు. ఒకటి అయి ఇంకోటి మొదలవడానికి మధ్యలో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో లోపలివాళ్లు బయటికి రావాలి, బయటివాళ్లు లోపలికి పోవాలి, పక్కింటి ఆయన గేటుకు అడ్డంగా పెట్టిన బండి ఎవరిదో మైకులో చెప్పాలి. ఈలోగా ఎవరో ఒక పెద్దాయన సైగ చేస్తారు. చేయకపోతే "ఈ కుర్రాడికి మర్యాద తెలియదు" అంటారు. చేస్తే ఇదిగో, ఇలా నిద్ర పట్టక రాసుకోవాలి. సైగ చేసినాయన మాత్రం హాయిగా నిద్రపోయి ఉంటారు.

వాలంటీరు చెడ్డవాడని కాదు, తొందరలో ఉంటాడు. అది కూడా రాసి పెట్టండి.

వెనకబెంచీ
సోమవారం, ఉదయం 8:02

తమ్ముడూ, థాంక్స్. కానీ ఆ రోజు నేను తొందరలో లేను. లేపితే ఎవరు ఏమీ అనరో చూసుకునే లేపాను. అదే వరసలో ఒక బిల్డర్ గారు కూర్చుని ఉన్నారు, ఆయన వైపు నా కాలు కూడా కదల్లేదు.

అమీర్‌పేట్ హాస్టల్
సోమవారం, మధ్యాహ్నం 1:35

నేను కోచింగ్ కోసం శ్రీకాకుళం నుంచి వచ్చాను. ఇక్కడ ఒక పెద్ద సంఘానికి ఎనిమిది నెలలుగా వెళ్తున్నాను.

మొదటి రోజు "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అన్నారు. నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టి ఒక పాట పాడారు, ఒక అక్క పెన్ను, ఒక కార్డు ఇచ్చింది. కార్డులో నా పేరు, నంబరు, ప్రార్థన మనవి రాసి ఇచ్చాను. అమ్మకు ఆపరేషన్ ఉందని రాశాను. రోజూ ఉదయం ఐదింటికి వాక్యం మెసేజ్ వస్తోంది, తప్పకుండా. అమ్మకు ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక్కరు అడిగారు. చెప్పుల దగ్గర కూర్చునే తాత. ఆయనకు నేనేమీ చెప్పలేదు, కార్డూ చూపించలేదు. "ఏం తల్లీ, మొహం వాడిపోయింది, తిన్నావా?" అన్నాడు. అంతే, అక్కడే ఏడ్చేశాను. అప్పటి నుంచి చెప్పులు ఆయన దగ్గరే వదులుతాను, వేరే గేటు దగ్గరైనా సరే.

బోలారం అమ్మమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2:15

మీ అమ్మకిప్పుడెలా ఉంది తల్లీ?

అమీర్‌పేట్ హాస్టల్
సోమవారం, మధ్యాహ్నం 2:18

బాగుంది అమ్మమ్మా. ఇంట్లో తిరుగుతోంది. 🙏

లింగంపల్లి లోకల్
సోమవారం, రాత్రి 9:50

ఎమ్ఎమ్‌టీఎస్ రైల్లో నిలబడి చదువుతున్నాను, తప్పులుంటే క్షమించండి.

బైబిల్లో పౌలు రోమాలోని సంఘానికి రాసిన పత్రిక, దాని పదహారో అధ్యాయం ఎవరైనా ప్రసంగంలో చెప్పగా విన్నారా? నేను వినలేదు. పేర్ల జాబితా అని దాటేస్తాం. ఫలానావారికి వందనాలు, ఫలానావారికి వందనాలు, అంతే కదా అనుకుంటాం. ఒకసారి మెల్లగా చదవండి. పౌలు అప్పటికి రోమాకు వెళ్లనే లేదు. వెళ్లని ఊరిలో పాతికమందికి పైగా పేర్లు పెట్టి వందనాలు చెబుతున్నాడు, ఊరికే పేరు కూడా కాదు. ఈమె మీకోసం కష్టపడింది, వీళ్లు నా ప్రాణం కోసం మెడలు ఇవ్వడానికైనా తెగించారు, వీళ్లిద్దరూ నాతో జైల్లో ఉన్నారు అని ఒక్కొక్కరి గురించి ఒక ముక్క. రూఫు అనే అతని తల్లి గురించైతే, ఆమె నాకూ తల్లే అంటాడు. ఆమె ఎప్పుడు ఈయనకి అన్నం పెట్టిందో, ఎక్కడ పెట్టిందో మనకు తెలియదు.

నాకు బాగా నచ్చేది చివర్లో ఉంది. ఆ ఉత్తరం పౌలు చెబుతుంటే రాసినవాడు తెర్తియు. వాడు మధ్యలో దూరి "నేను కూడా వందనాలు చెబుతున్నాను" అని రాసుకున్నాడు. పౌలు కొట్టేయలేదు. ఆ తరవాతి వచనం చివర ఇద్దరున్నారు: పట్టణపు ఖజానా చూసే ఎరస్తు, సహోదరుడైన క్వర్తు. ఎరస్తు అంటే ఇప్పటి లెక్కలో కార్పొరేషన్‌లో పెద్ద ఆఫీసరు. క్వర్తుకు ఏ హోదా లేదు, సహోదరుడు అన్న మాటే. తెర్తియు అంటే లాటిన్‌లో మూడోవాడు, క్వర్తు అంటే నాలుగోవాడు. బానిసలకు అలాంటి పేర్లు పెట్టడం అప్పట్లో మామూలు. ఆఫీసరూ నాలుగోవాడూ ఒకే వాక్యంలో, పక్కపక్కన. ఎవరినీ వెనక్కి పంపకుండా.

యోహాను మూడో పత్రిక ఆఖరి మాట కూడా చూడండి. స్నేహితులకు "పేరు పేరు వరుసను" వందనాలు చెప్పమంటాడు. ఎంత తెలుగు మాట అది! పేరూ కావాలి, వరసా కావాలి.

వచ్చేసింది, దిగాలి.

గోల్కొండ చౌరస్తా
మంగళవారం, ఉదయం 6:30

వరస అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో అందరం హెబ్రోను వాళ్లం, అంటే భక్తసింగ్ గారు మొదలుపెట్టిన సంఘం. భక్తసింగ్ గారు పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకుంటూ ప్రభువును నమ్ముకుని, చివరికి ఇక్కడ గోల్కొండ చౌరస్తా దగ్గర స్థిరపడ్డారు. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ జనం ఇంకా కళ్లల్లో ఉంది.

అక్కడ అందరూ చాపల మీద. చెప్పులు బయట, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. డాక్టరైనా, రిక్షా తొక్కేవాడైనా అదే చాప. ముందు వరస అనేది ఉన్నా ఎవరు ముందొస్తే వాళ్లది. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అదీ బంతిలోనే. చిన్నప్పుడు నా పక్కన ఒక ఇంజనీరు అంకుల్ కూర్చుని, అవతల పక్కన కూర్చున్న ఒక తాతకు వంకాయ కూరలో ముళ్లు లేవని రెండుసార్లు చెప్పాడు. ఆ తాతకు చూపు తక్కువ, చేపల కూరేమో అని భయపడుతున్నాడు. అది తప్ప ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క గుర్తులేదు నాకు.

అయితే చాప వేస్తే గర్వం పోతుందని అనుకోకండి. బంతి చివర కూర్చున్నవాళ్లకు కూర తగ్గి, చారు ఎక్కువైన రోజులూ ఉన్నాయి. పౌలు ఉత్తరం రాసిన కొరింథు సంఘంలో కూడా అదే గొడవ కదా, ఒకడు ఆకలితో, ఒకడు మత్తులో.

గన్‌ఫౌండ్రీ
మంగళవారం, ఉదయం 11:05

మేం కతోలికులం, చెప్పొచ్చో లేదో అని ఆగాను. మా దివ్యబలిపూజలో సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు ఇచ్చుకునే ఘట్టం ఒకటుంది. పాత రోజుల్లో అది ముద్దు, పౌలు రాసిన పవిత్రమైన ముద్దే. మన దేశంలో అది కుదరదు కదా. 1969లో భారతదేశానికి వాటికన్ ఒప్పుకున్న పన్నెండు మార్పుల్లో ఇదొకటి: ముద్దు బదులు చేతులు జోడించి నమస్కారం పెట్టుకోవచ్చు. లేదా ఒకరి చేతులు ఇంకొకరి చేతుల మధ్య పెట్టొచ్చు.

మాకు తెలిసిన లోపం కూడా చెబుతాను. ఆ నమస్కారం పెట్టేటప్పుడు కుడిపక్క, ఎడమపక్క, వెనక, అయిపోయింది. ఐదు సెకన్లు. అదీ ఎవరి మొహం వైపూ చూడకుండా, తల పంకాలా తిప్పేస్తూ. పూజ అయి బయటికి వచ్చి పార్కింగ్‌లో అదే మనిషి మీద హారన్ కొడతాం.

బోలారం అమ్మమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఎందుకు చెప్పకూడదు, చెప్పు బిడ్డా. మాకూ ఉంది అది. 1947లో మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక తయారు చేసిన సంస్కార క్రమంలో, కేరళ సిరియన్ సంఘాల పద్ధతి చూసి పెట్టారు. అయ్యగారి దగ్గర మొదలై చేతిలోంచి చేతిలోకి వెనక వరస దాకా పోవాలి. మా దగ్గర ఒక ఆదివారం అది మధ్యలో ఆగిపోయింది. ఇద్దరు తోడికోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు, పొలం గొడవ నడుస్తోంది. ఇటువైపు ఆమె చెయ్యి చాపలేదు. వెనకవాళ్లందరం చేతులు పట్టుకుని ఎదురుచూస్తున్నాం. చివరికి వాళ్ల చిన్న మనవడు ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి పట్టుకున్నాడు. రాజీ అయితే కాలేదు, కోర్టు కేసు ఇంకా ఉంది. కానీ సమాధానం వెనక్కి వచ్చింది.

ఇంటిపేరు చెప్పను
మంగళవారం, రాత్రి 8:45

అందరూ కుర్చీల గురించే మాట్లాడుతున్నారు. కుర్చీ చూపించే ముందు అడిగే ప్రశ్న గురించి ఎవరూ రాయలేదు. "ఏ ఊరు మీది? ఇంటిపేరేంటి?" ఆ రెండింటితో అంతా లెక్క తేల్చేస్తారు. ఆ తరవాత నవ్వు రెండు రకాలుగా ఉంటుంది. నేను పదేళ్లు కూర్చున్న సంఘంలో కమిటీ ఎన్నికలొస్తే ఎవరి కులం ఎంతమంది అని వేళ్ల మీద లెక్కపెట్టడం విన్నాను. అదే నోటితో "సహోదరా". పిల్లల పెళ్లి మాట వస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది ఎవరు ఎవరికి సహోదరులో.

పిలుపు కూడా గమనించండి. ఆఫీసరు గారిని "సార్" అంటారు. ఆటో నడిపే నన్ను "బ్రదర్" అంటారు. ఇళ్లల్లో పనిచేసే ఆవిడను "ఏమ్మా" అంటారు. బ్రదర్ అనేది పై మెట్టు మీద వాళ్లకు ఎందుకు వాడరో ఎవరైనా చెప్పండి.

కీబోర్డు తమ్ముడు
మంగళవారం, రాత్రి 9:01

అన్నా, అన్ని సంఘాలూ అలా ఉండవు. మా దగ్గర ఎవరూ అడగరు.

ఇంటిపేరు చెప్పను
మంగళవారం, రాత్రి 9:04

అడగాల్సిన పని లేనివాళ్లకు అడిగినట్టు తెలియదు తమ్ముడూ.

నిర్వాహకులు
మంగళవారం, రాత్రి 9:40

ఈ మాట తీసేయమని ఇద్దరు ఫిర్యాదు చేశారు. తీయట్లేదు. ఏ సంఘం పేరూ, మనిషి పేరూ రాయనంత వరకు ఉంటుంది.

పాస్టరమ్మ కూతురు
బుధవారం, మధ్యాహ్నం 3:30

చిన్న మాట. మా నాన్నగారికి సంఘంలో శాలువాలు కప్పుతారు, బీరువాలో పద్దెనిమిది ఉన్నాయి. మా అమ్మను అందరూ "అమ్మగారూ" అంటారు, చాలా గౌరవం. కానీ ఆమెకు ఫోన్ చేసి ఊరికే కబుర్లు చెప్పేవాళ్లు సంఘంలో ఒక్కరూ లేరు. ఫోన్ వస్తే ప్రార్థన మనవి, లేదా ఎవరి మీదో చాడీ. గౌరవం మరీ ఎక్కువైతే మనిషి దగ్గరికి రావడం మానేస్తారు. మీ పాస్టరమ్మను ఒకసారి చార్మినార్‌కి గాజులు కొనడానికి తీసుకెళ్లండి. నిజంగా అంటున్నాను.

అమీర్‌పేట్ హాస్టల్
బుధవారం, సాయంత్రం 5:12

అక్కా, మీ అమ్మగారు ఏ ఏరియా? నేను వస్తాను గాజులకి.

వెనకబెంచీ
శనివారం, రాత్రి 10:15

దొరికింది.

అమ్మమ్మ చెప్పినట్టే ఒక వాచ్‌మన్‌కు తెలుసు. ఆయన చెప్పిన గుర్తులతో మా అమ్మను తీసుకుని, బ్రెడ్డు, అరటిపళ్లు పట్టుకుని వెళ్లాను. రేకుల షెడ్డు, ఒక్క గది. నన్ను చూసి గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపే లోపలికి వెళ్లి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెంగుతో తుడిచి నాకు వేసింది. మా అమ్మకు మంచం. ఆమె గడప మీద కూర్చుంది. నేను కింద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. నా జీవితంలో కూర్చోవడానికి అంత కష్టమైన కుర్చీ ఇంకోటి లేదు.

క్షమించమని అడిగాను. "నువ్వు లేపావని మానలేదు బాబూ. మోకాలు పట్టేసింది, మీ మెట్లు ఎక్కలేక" అంది. కాసేపాగి నవ్వింది. "నువ్వు లేపినందుకు కూడా అనుకో, కొంచెం." మా అమ్మ గట్టిగా నవ్వేసింది, దాంతో నాకు ఊపిరి వచ్చింది.

పేరు అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను, అది ఆమెది. తరవాత "నీ పేరేంది బాబూ?" అంది. ఐదేళ్లలో ఆమెకూ మేమెవరం పేరు చెప్పలేదన్నమాట.

బైబిలు చదవడం రాదట. భర్తదట ఆ బైబిలు. ఒళ్లో పెట్టుకుంటే బాగుంటుందని తెస్తుందట.

పెద్దాయనతో కూడా మాట్లాడాను. ఆయన "నేను సైగ చేసింది ఇంకో కుర్చీ తెమ్మని" అన్నారు. నిజమో కాదో ఆయనకే తెలియాలి. మెట్ల పక్కన పట్టుకోవడానికి పైపు వేయిస్తానన్నారు, కొలతలు కూడా తీసుకున్నారు.

ఇంటిపేరు చెప్పను
శనివారం, రాత్రి 10:50

ఆటో కావాలంటే చెప్పు అన్నా. మోకాలి నొప్పితో అంత దూరం నడిపించకు. నేను ఉప్పల్‌లోనే ఉంటాను, పొద్దున ఎనిమిదిన్నరకు ఖాళీ. డబ్బుల మాట ఎత్తకు.

బోలారం అమ్మమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 2:40

వచ్చిందా బిడ్డా?

వెనకబెంచీ
ఆదివారం, మధ్యాహ్నం 3:05

వచ్చింది అమ్మమ్మా, అన్న ఆటోలో. కొంచెం ఆలస్యమైంది. అప్పటికే ఫ్యాన్ కింద కుర్చీలో ఒక పాప నిద్రపోతోంది. నేను పాపను ఎత్తి వాళ్లమ్మకు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. వెనక నా పక్కనే కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన టేబుల్ ఫ్యాన్ అటు తిప్పాను. పాట మొదలవగానే పుస్తకం నా చేతిలో పెట్టి "నంబరు చూడు బాబూ" అని నన్ను పేరు పెట్టి పిలిచింది.